షికాగోలో ‘స్కేరీ మూవీ’ చూసిన వేసవి

2000 సంవత్సరం వేసవి అంటే నాకు ముందు గుర్తొచ్చేది షికాగో సన్-టైమ్స్ పేపరు. ట్యాబ్లాయిడ్ సైజులో ఉండేది కాబట్టి రైల్లో నిలబడి కూడా తిప్పుకోవచ్చు. శుక్రవారం పేపర్లో సినిమా రివ్యూలు ఎక్కువ. ఎమ్మెస్ చదువుకునే రోజులు, ప్రతి చిల్లర నాణేనికీ లెక్క ఉండేది. అందుకని ఎల్ ట్రైన్‌లో ఎవరైనా చదివి సీటు మీద వదిలేసి దిగిపోయిన పేపరు కోసం పెట్టె పెట్టెకీ చూపు సారించేవాణ్ణి. దొరికితే స్టాక్ పేజీలు, స్పోర్ట్స్ పేజీలు పక్కన పడేసి తిన్నగా రోజర్ ఈబర్ట్ రాసిన పేజీకే వెళ్ళేవాణ్ణి.

ఈబర్ట్ అప్పటికే అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మనిషి. విమర్శకు పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి సినిమా విమర్శకుడు, అది 1975లో. టీవీలో జీన్ సిస్కెల్‌తో కలిసి బొటనవేలు పైకో కిందికో చూపించి తీర్పు చెప్పే కార్యక్రమం ఏళ్ళ తరబడి నడిపారు. సిస్కెల్ 1999 ఫిబ్రవరిలో పోయారు. ఆ తర్వాత ఆ కుర్చీలో ఎవరో ఒక అతిథి వచ్చి కూర్చునేవారు. నాకు మాత్రం టీవీలో చెప్పేదానికంటే పేపర్లో రాసేదే ఇష్టం. మన దగ్గర నేను చదువుతూ పెరిగిన రివ్యూలు వేరే రకం. కథ మొత్తం చెప్పేసి, చివర్లో ఛాయాగ్రహణం కనువిందు, సంగీతం ఫర్వాలేదు, నిర్మాణ విలువలు ఉన్నతం అని ముగించేవాళ్ళు. రాసినాయన హాల్లో కూర్చుని నవ్వాడా, ఆవలించాడా అన్నది మాత్రం తెలిసేది కాదు. ఈబర్ట్ రాస్తే అది తెలిసేది. ఆయనకి నచ్చిందా లేదా అన్నదానికంటే ఎందుకు నచ్చిందో చదవడానికే నేను ఆ పేజీ వెతుక్కునేవాణ్ణి.

జూలై 7, శుక్రవారం. ఆ రోజు ‘స్కేరీ మూవీ’ రిలీజు, హారర్ సినిమాల్ని ఎగతాళి చేసే కామెడీ. ఈబర్ట్ ఇచ్చింది నాలుగుకి మూడు స్టార్లు.

మా అపార్ట్‌మెంట్లో అందరం తెలుగువాళ్ళమే. గుంటూరు అబ్బాయి, వరంగల్ అబ్బాయి, నేను, మాకంటే ఒక ఏడాది ముందొచ్చిన సీనియర్ ఒకాయన. పేపరు తెచ్చి వంటగదిలో బల్ల మీద పరిచాను.

“ఒరేయ్, మూడు స్టార్లంట్రా.”

“దానికా? ట్రైలర్ చూస్తే సగం బూతే కదరా.”

“బూతైనా సరే, ఆయన ఇచ్చాడంటే ఏదో ఉండే ఉంటుంది. అన్నా, కారు తీస్తావా?”

సీనియర్ అన్న దగ్గరే కారు ఉండేది. ఆయన సాంబార్లో గరిటె పెట్టి తిప్పుతూ, “ఎవడైనా పెట్రోలు పోయిస్తే తీస్తా” అన్నాడు. ఆయన మామూలుగా అనే మాటే అది. శనివారం సాయంత్రం వెళ్ళాం.

పోస్టర్ మీద ఉన్న మాట ఇప్పటికీ గుర్తుంది: జాలి లేదు, సిగ్గు లేదు, సీక్వెల్ లేదు. మొదటి రెండూ నిజమే. మూడోది ఏడాది తిరగకుండానే అబద్ధమైపోయింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ సినిమా దేన్ని ఎగతాళి చేస్తోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1996లో వెస్ క్రేవెన్ తీసిన ‘స్క్రీమ్’ వచ్చింది. టీనేజ్ పిల్లలు, తెల్లటి దెయ్యం ముసుగు వేసుకున్న హంతకుడు, ఫోన్‌లో బెదిరింపులు. దాని రచయిత కెవిన్ విలియమ్సన్ ఆ స్క్రిప్టుకి మొదట పెట్టుకున్న పేరే ‘స్కేరీ మూవీ’. ఆ వెనకే 1997లో ‘ఐ నో వాట్ యు డిడ్ లాస్ట్ సమ్మర్’, అదే ఏడాది చివర్లో ‘స్క్రీమ్ 2’. 1999లో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’, ‘ది సిక్స్త్ సెన్స్’. మూడు నాలుగేళ్ళలో హారర్ సినిమా మళ్ళీ కుర్రాళ్ళ సరుకైపోయింది. అన్నిటినీ ఒకే గంపలో వేసి, ‘స్క్రీమ్’ వదిలేసిన పేరునే పెట్టుకుని వచ్చిన సినిమా ఇది. ‘స్క్రీమ్’ని విడుదల చేసిన డైమెన్షన్ ఫిల్మ్స్ వాళ్ళే దీన్నీ విడుదల చేశారు. అంటే తమ సినిమానే తాము వెక్కిరించుకుని, దాని మీద కూడా డబ్బు చేసుకున్నారు.

దర్శకుడు కీనెన్ ఐవరీ వేయన్స్. తమ్ముళ్ళు షాన్, మార్లన్ రాసిన వాళ్ళలోనూ ఉన్నారు, నటించిన వాళ్ళలోనూ ఉన్నారు. ఇంటిల్లిపాదీ కామెడీలో ఉన్న కుటుంబం అది. కీనెన్ తొంభైల మొదట్లో ఫాక్స్ చానల్లో ‘ఇన్ లివింగ్ కలర్’ అనే స్కెచ్ షో నడిపారు. జిమ్ క్యారీ, జేమీ ఫాక్స్ అందులోంచి పైకొచ్చిన వాళ్ళే. జెన్నిఫర్ లోపెజ్ అందులో డాన్సర్. అంతకుముందు 1988లోనే కీనెన్ డెబ్భైలనాటి నల్లజాతి యాక్షన్ సినిమాల మీద ‘ఐయామ్ గొన్నా గిట్ యూ సక్కా’ అని పేరడీ తీశారు. ఈ వివరాలేవీ అప్పుడు మాకు తెలియవు. ముసుగు దెయ్యం, బూతు జోకులు, మూడు స్టార్లు, అంతవరకే తెలుసు.

హాలు నిండిపోయింది. ఎక్కువమంది ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు, కాలేజీ పిల్లలు. అమెరికాలో అప్పటిదాకా నేను వెళ్ళిన హాళ్ళన్నీ నిశ్శబ్దంగా ఉండేవి. పాప్‌కార్న్ నమిలితే పక్కవాడు చూస్తాడేమో అన్నట్టు ఉండేది. ఇక్కడ లైట్లు ఆరకముందే గోల మొదలైంది. పైవరస నుంచి ఒకావిడ తెర మీద పాత్రతో మాట్లాడుతోంది. “ఆ తలుపు తియ్యకే పిచ్చిదానా” అన్న అర్థంలో అరుస్తోంది. కింద నుంచి ఇంకొకాయన ఆవిడకి జవాబిస్తున్నాడు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మొదటి రోజు మొదటి ఆట చూసిన వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. గుంటూరు అబ్బాయి నా మోచెయ్యి పొడిచి, “ఇదిరా హాలంటే” అన్నాడు. అమెరికా వచ్చాక వాడు ఒక చోట హాయిగా వెనక్కి వాలి కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

మొదటి సీను చెప్తాను. ‘స్క్రీమ్’లో డ్రూ బ్యారీమోర్ ఉన్న మొదటి సీనుకి ఇది ఎగతాళి. ఇక్కడ కార్మెన్ ఎలక్ట్రా, పాత్ర పేరు డ్రూ డెక్కర్. హంతకుడు వెంటపడుతున్నాడు. పారిపోతున్న అమ్మాయికి ఎదురుగా బల్ల మీద కత్తి ఉంది, తుపాకీ ఉంది, గ్రెనేడ్ ఉంది, ఒక అరటిపండు ఉంది. అమ్మాయి అరటిపండు తీసుకుని పరిగెడుతుంది. ఇంకొంచెం దూరం పోతే దారి చీలిన చోట బోర్డు, ఒక వైపు ప్రాణరక్షణ, రెండో వైపు చావు. అమ్మాయి చావు వైపు మళ్ళుతుంది. హాలు పడి పడి నవ్వింది. హారర్ సినిమాల్లో అమ్మాయి వీధిలోకి పోకుండా మేడ మీదికి ఎందుకు పరిగెడుతుందని ప్రేక్షకులు దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్న అది. ఆ ప్రశ్నకి ఇంత తేలికగా, ఒక అరటిపండుతో జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. అదే సీనులో ఆ అమ్మాయి బట్టల మీద, ఒంటి మీద వేసిన జోకులు మాత్రం నాసిరకం. ఒకే సీనులో అదీ ఇదీ రెండూ ఉండటం ఈ సినిమా స్వభావం.

ఇక బ్రెండా సీను. ఈ సినిమా గురించి ఎవరు నన్నడిగినా నేను చెప్పేది దాని గురించే.

బ్రెండాగా వేసింది రెజీనా హాల్. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని నటి. బ్రెండా సినిమా హాల్లో ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ చూస్తూ ఉంటుంది. గట్టిగా మాట్లాడుతుంది, ఫోన్‌లో ఎవరితోనో కథ చెప్తుంది, తెర మీద వాళ్ళకి సలహాలిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోమంటారు. ఊరుకోదు. ముసుగు హంతకుడు వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు, కత్తి తీస్తాడు. కానీ అతను పొడిచేలోపే చుట్టూ ఉన్న ప్రేక్షకులే విసిగిపోయి ఆమెను పొడిచేస్తారు.

ఆ హాల్లో ఆ సీనుకి వచ్చినంత నవ్వు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. తెరతో మాట్లాడుతున్న ఆవిడే, పైవరసలో ఉన్నావిడే, అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ సీను నవ్వుతున్నది తన మీదే అని ఆవిడకి తెలుసు. తీసినవాళ్ళు తనవాళ్ళే అని కూడా తెలుసు. బయటివాడెవడో వెక్కిరిస్తే ఆ నవ్వు రాదు.

తర్వాత ‘స్క్రీమ్ 2’ క్యాసెట్ తెచ్చుకుని చూశాక ఆ సీను లోతు ఇంకొంచెం అందింది. అందులో మొదటి సీనే ఒక సినిమా హాల్లో. జాడా పింకెట్, ఓమార్ ఎప్స్ ఒక నల్లజాతి జంట. హారర్ సినిమాల్లో మావాళ్ళకి చోటే లేదని జాడా పింకెట్ పాత్ర లోపలికి వెళ్తూ విసుక్కుంటుంది. కాసేపటికి ఆ ఇద్దరే ముందు చనిపోతారు. ఆమె తెర ముందు నెత్తురోడుతూ నిలబడితే, హాలు అదంతా పబ్లిసిటీ నాటకం అనుకుని చూస్తూ ఉంటుంది. హారర్‌లో నల్లవాళ్ళే ముందు పోతారన్న పాత ఫిర్యాదుని ‘స్క్రీమ్ 2’ నోటితో చెప్పి, చేతల్లో మళ్ళీ అదే చేసింది. వేయన్స్ సోదరులు ఆ సీనుని పట్టుకుని తిప్పి కొట్టారు. ‘స్కేరీ మూవీ’లో ఇంకో చోట నల్లజాతి టీవీ చానల్ విలేఖరి ఒకడు వస్తాడు. తెల్లవాళ్ళు చనిపోయారు, మేం ఇక్కణ్ణించి వెళ్ళిపోతున్నాం అని ఒక్క ముక్కలో వార్త చెప్పి వ్యాన్ ఎక్కేస్తాడు. ఆ ఒక్క ముక్కకి హాల్లో చప్పట్లు చాలాసేపు మోగాయి.

సోమవారం లైబ్రరీకి వెళ్ళి మిగతా పేపర్లు తిరగేశాను. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పేపర్లు అక్కడ కర్రలకి తగిలించి ఉండేవి. అందరూ ఈబర్ట్‌లా లేరు. కొందరు బాగా నవ్వుకున్నామన్నారు. చాలామంది పిల్లచేష్టలన్నారు. ఇంత పచ్చిగా ఉన్న సినిమాకి, పదిహేడేళ్ళలోపు వాళ్ళు పెద్దవాళ్ళతో వస్తే చూడొచ్చనే ఆర్ రేటింగ్‌తో సరిపెట్టి రేటింగ్ బోర్డు ఎలా వదిలేసిందని కొందరు అడిగారు. అన్నిటికంటే బలంగా వినిపించిన ఆక్షేపణ వేరే. ‘స్క్రీమ్’ తనని తానే వెక్కిరించుకున్న సినిమా, అందులో పాత్రలే హారర్ సినిమా రూల్స్ చెప్పుకుని నవ్వుకుంటాయి, అలాంటిదాన్ని మళ్ళీ వెక్కిరించడానికి ఏం మిగిలింది అని. పదునైన ప్రశ్నే. 1980లో వచ్చిన ‘ఎయిర్‌ప్లేన్’తో పోల్చి, దాని ముందు ఇది దిగదుడుపే అన్నవాళ్ళూ ఉన్నారు. ‘ఎయిర్‌ప్లేన్’ వెక్కిరించింది తమని తాము మహా గంభీరంగా చూసుకునే విమానప్రమాదం సినిమాల్ని. గంభీరంగా ఉన్నదాన్ని వెక్కిరిస్తే వచ్చే నవ్వు, ముందే నవ్వుతున్నదాన్ని వెక్కిరిస్తే రాదని వాళ్ళ వాదన.

ఆ వాదన నాకు సగమే ఒప్పుదల. ‘స్క్రీమ్’ తన మీద తాను నవ్వుకున్నది తెలివైన తెల్ల కుర్రాళ్ళ నవ్వు. వీడియో షాపులో పనిచేసేవాడు సోఫాలో కూర్చుని విసిరే చమత్కారం. ‘స్కేరీ మూవీ’ నవ్వు వెనక వరసల్లోంచి వచ్చింది. ఇన్నేళ్ళూ టికెట్ కొని, తమవాళ్ళు మొదటి రీల్లోనే పోతుంటే చూస్తూ, తెర మీదికి అరుస్తూ కూర్చున్న జనం, కెమెరా చేతికొస్తే ఏం తీస్తారో అది తీశారు. అందుకే ఇది నాకు ఒక రకం సినిమా విమర్శలా అనిపిస్తుంది. పేపర్లో రాసిన విమర్శకుల్లో ఎక్కువమంది జోకుల్లో మురికి ఎంతుందో కొలిచారు. ఈ విమర్శ ఎవరి నోటి నుంచి వస్తోందో చెప్పిన రివ్యూ ఆ రోజు లైబ్రరీలో నా కంట పడలేదు. ఈబర్ట్ కూడా ఆ కోణంలోకి పెద్దగా వెళ్ళినట్టు నాకు గుర్తు లేదు. కానీ ఆయన ఒక నిజాయితీ చూపించారు. కుర్రాళ్ళ హారర్ సినిమాలు తెలిసి ఉంటేనే మీ డబ్బులు గిట్టుబాటవుతాయి, తెలిసి ఉంటే ఈ సినిమా మాట నిలబెట్టుకుంటుంది అన్నారు. కామెడీకి వెళ్ళి నవ్వొచ్చాక, అంత నవ్వినందుకు పరువు పోతుందేమోనని స్టార్లు తగ్గించలేదు. పెద్ద విమర్శకుడికి అది చిన్న విషయం కాదు.

జరుక్ శాస్త్రి పేరు చెప్పకుండా పేరడీ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. మా నాన్న ఆయన పేరడీలు కంఠతా చెప్పేవారు. శ్రీశ్రీని, కృష్ణశాస్త్రిని, విశ్వనాథని ఆయన ఎగతాళి చేసిన తీరు చూస్తే, వాళ్ళ కవిత్వం ఆయనకి ఎంతగా ఒంటబట్టిందో తెలుస్తుంది. మూలం ప్రాణంలా తెలిసినవాడే పేరడీ కట్టగలడు అని నాన్న అనేవారు. ‘స్కేరీ మూవీ’లో నిలిచిన జోకులన్నీ అలా మూలం తెలిసి వేసినవే. ఒక అమ్మాయి తల తెగి పడ్డాక కూడా ఆ తల హంతకుణ్ణి వెటకారం చేస్తూనే ఉంటుంది. అది ఊరికే రోతకోసం పెట్టింది కాదు. చచ్చేముందు కెవ్వుమని అరవడమే పనిగా పెట్టుకున్న హారర్ అమ్మాయిలందరి మీదా వేసిన జోకు.

నిలవని జోకుల గురించి కూడా చెప్పాలి. షాన్ వేయన్స్ వేసిన రే పాత్ర తాను గే అని దాచుకుంటున్నాడన్నదే సినిమా పొడుగునా ఒక జోకు. అదే జోకు, మళ్ళీ అదే జోకు. డూఫీ అనే పోలీసు కుర్రాడు బుద్ధిమాంద్యం ఉన్నవాడు కాబట్టి నవ్వమంటారు. చివర్లో ‘ది యూజువల్ సస్పెక్ట్స్’ తరహాలో అదంతా నటన అని తేలుతుంది, కానీ అప్పటిదాకా ప్రేక్షకుడు నవ్వింది నటనని చూసి కాదు కదా. నేను ఆ రోజు చదివిన రివ్యూల్లో బూతు గురించి, శరీరద్రవాల గురించి వాక్యాలకి వాక్యాలు ఉన్నాయి. ఈ రెండిటి గురించి ఉన్నది బహు తక్కువ. వరంగల్ అబ్బాయి వాళ్ళ తమ్ముడు పుట్టుకతోనే మానసికంగా ఎదగని పిల్లాడు. కారులో అందరం సీన్లు చెప్పుకుని నవ్వుతుంటే వాడు, “ఆ డూఫీ గానిది మాత్రం నాకు మంచిగనిపియ్యలె” అని ఊరుకున్నాడు. సీనియర్ అన్న, “నిజమేరా, అది బాలేదు” అని టాపిక్ మార్చాడు. నేను ఆ వారం చదివిన రివ్యూలన్నిటికంటే వాడన్న ఆ ముక్కే సినిమాలో అసలు లోపాన్ని సరిగ్గా పట్టుకుంది. ఇవాళ ఆ సినిమాని తిరిగి చూసి రాసేవాళ్ళు ముందు ఎత్తిచూపేవి కూడా రే, డూఫీ జోకుల్నే.

విమర్శకులు ఏమన్నా జనం ఆగలేదు. 1 కోటి 90 లక్షల డాలర్లతో తీసిన సినిమా మొదటి మూడు రోజుల్లోనే 4 కోట్ల 23 లక్షలు తెచ్చింది. ఆర్ రేటింగ్ సినిమాకి అప్పటికి అదే అతి పెద్ద ఓపెనింగ్. ముందు వారం పైన కూర్చున్న ‘ది పర్ఫెక్ట్ స్టార్మ్’ కిందికి దిగింది. ప్రపంచం మొత్తం మీద సుమారు 27 కోట్ల 80 లక్షల డాలర్లు. ఆఫ్రికన్ అమెరికన్ దర్శకుడు తీసిన సినిమాల్లో అప్పటికి అంత వసూలు చేసింది ఇంకోటి లేదు. 2005లో టిమ్ స్టోరీ ‘ఫెంటాస్టిక్ ఫోర్’ వచ్చేదాకా ఆ రికార్డు కీనెన్ వేయన్స్ పేరు మీదే ఉంది. ఈ సంగతి నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదివినప్పుడు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ హాల్లో నవ్విన మొహాలన్నీ కళ్ళముందు మెదిలాయి.

2001 జూలై 4న ‘స్కేరీ మూవీ 2’ దిగిపోయింది. సీక్వెల్ లేదన్నాం, అబద్ధమాడాం అని పోస్టర్ మీదే వేసుకున్నారు. అప్పటికి మా అపార్ట్‌మెంట్లో వాతావరణం మారిపోయింది. డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్నాయి. సీనియర్ అన్న ప్రాజెక్టు ఆగిపోయి బెంచ్ మీద ఉన్నాడు, హెచ్1 వీసా ఏమవుతుందోనని ఇంట్లో అందరికీ టెన్షన్. సినిమాకి వెళ్ళాం గానీ నవ్వు రాలేదు. నవ్వు రాకపోవడానికి మా పరిస్థితి ఒక్కటే కారణం కాదు. ఏడాదిలో హడావిడిగా వండిన సినిమా అది. మొదట్లో దెయ్యం వదిలించే ఫాదర్ పాత్రకి సాక్షాత్తూ మార్లన్ బ్రాండోని పెట్టుకున్నారు. ఆయన అనారోగ్యంతో తప్పుకుంటే జేమ్స్ వుడ్స్ వేశారు. బడ్జెట్ పెరిగింది, వసూళ్ళు సగానికి పడ్డాయి, విమర్శకుల్లో చాలామంది ఈసారి జాలి చూపలేదు. వాళ్ళు రాసింది సరైనదే. మొదటి సినిమా వెనక ఉన్న ఆ ఏళ్ళ తరబడి కోపం, ఆ ముచ్చట రెండోదానిలో లేవు. రోత మాత్రం రెట్టింపు ఉంది.

తర్వాత వేయన్స్ వాళ్ళు తప్పుకున్నారు. 2003లో మూడోది ‘ఎయిర్‌ప్లేన్’ తీసిన ముగ్గురిలో ఒకరైన డేవిడ్ జుకర్ చేతికెళ్ళింది. బూతు తగ్గించి, పదమూడేళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని జాగ్రత్తపడమనే పీజీ-13 రేటింగ్ తెచ్చుకున్నారు. బాగానే ఆడింది. మొదటి సినిమా రాసిన ఆరుగురిలో ఇద్దరు, జేసన్ ఫ్రీడ్‌బర్గ్, ఆరన్ సెల్ట్‌జర్, ‘డేట్ మూవీ’, ‘ఎపిక్ మూవీ’, ‘డిజాస్టర్ మూవీ’ అని వరసపెట్టి తీశారు. వాటిలో కొన్నిటిని విమర్శకులకి ముందుగా చూపించకుండానే రిలీజు చేశారు. ఒక సినిమాలో వచ్చిన సీను ఇంకో సినిమాలో కనిపిస్తే చాలు, గుర్తుపట్టి నవ్వేస్తారని వాళ్ళు అనుకున్నారు. గుర్తుపట్టడం వేరు, నవ్వు రావడం వేరు. ఆ రకం సినిమాలన్నిటికీ మొదటి ‘స్కేరీ మూవీ’నే తల్లి అని తిట్టేవాళ్ళంటే నాకు బాధగా ఉంటుంది.

మన దగ్గర అచ్చంగా స్పూఫ్ సినిమా చాలా ఆలస్యంగా వచ్చింది. 2010లో తమిళంలో ‘తమిళ్ పడమ్’, దాన్ని 2012లో భీమనేని శ్రీనివాసరావు అల్లరి నరేష్‌తో ‘సుడిగాడు’గా తీశారు. హైదరాబాద్‌లో సెలవులకి వచ్చినప్పుడు ఆ సినిమా చూస్తూ, మన హీరో ఎంట్రీల మీద, తొడకొట్టడాల మీద జనం నవ్వుతుంటే, షికాగో హాలు గుర్తొచ్చింది. ప్రేక్షకుడికి మూలం నరనరానా తెలుసు కాబట్టి ఆ నవ్వు పుట్టింది.

ఈబర్ట్ 2006లో క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత మాట పోగొట్టుకున్నారు. ఆ తర్వాత కూడా 2013 ఏప్రిల్‌లో పోయేదాకా రాస్తూనే ఉన్నారు. నేను అప్పటికి డాలస్‌లో ఉద్యోగంలో స్థిరపడ్డాను, పేపరు కోసం రైలు పెట్టెలు వెతికే అవసరం ఎప్పుడో పోయింది. వార్త తెలిసిన రోజు రాత్రి ఆయన పాత రివ్యూలు వెబ్‌లో తీసి పొద్దుపోయేదాకా చదువుకున్నాను. నాకు సినిమా చూడటం నేర్పిన వాళ్ళలో ఆయనొకరు.

ఇక రెజీనా హాల్ సంగతి. బ్రెండా పాత్ర జనానికి అంతగా నచ్చడంతో, చనిపోయిన బ్రెండాని రెండో భాగంలో ఏ వివరణా ఇవ్వకుండా బతికించేశారు. ఆమె చాలా ఏళ్ళు స్నేహితురాలి పాత్రల్లోనే ఉండిపోయింది. 2018లో ఆండ్రూ బుజాల్‌స్కీ తీసిన ‘సపోర్ట్ ద గర్ల్స్’ అనే చిన్న సినిమాలో టెక్సస్‌లో ఒక స్పోర్ట్స్ బార్ మేనేజర్‌గా వేసింది. పనిచేసే ఆడపిల్లల్ని కాచుకుంటూ, యజమానిని భరిస్తూ, ఒక్కరోజులో ఎన్ని తలనొప్పులు పడుతుందో ఆ సినిమా అంతా. ఆ ఏడాది న్యూయార్క్ ఫిల్మ్ క్రిటిక్స్ సర్కిల్ ఉత్తమ నటి అవార్డు ఆమెకిచ్చింది. ఆ సంస్థ ఉత్తమ నటి అవార్డు అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆమె. 1935 నుంచీ ఉన్న సంస్థ అది.

ఆ వార్త చదవగానే గుంటూరు మిత్రుడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు న్యూజెర్సీలో ఉంటాడు. “బ్రెండాకి అవార్డొచ్చిందిరా” అన్నాను. వాడికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. “పద్దెనిమిదేళ్ళు లేటు” అన్నాడు. నా అభిప్రాయమూ అదే. ‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’ సీనులో ఆమె టైమింగ్, మాట మాటకీ గొంతు పెంచుకుంటూ పోయే తీరు, హాలంతా తనదే అన్న ఆ ధీమా, అవి ఏ గంభీరమైన సినిమాలోని నటనకీ తీసిపోవు. జానర్ పేరు చూసి పక్కన పెట్టేయడం వల్ల ఒక మంచి నటికి రావలసిన గుర్తింపు అంత ఆలస్యమైంది. ‘స్కేరీ మూవీ’లో హీరోయిన్ అన్నా ఫారిస్ విషయంలోనూ అంతే. ఆ మొద్దుమొహం పెట్టుకుని అంత పెద్ద సినిమాని భుజాన మోసిన అమ్మాయి గురించి నేను చదివిన చాలా రివ్యూల్లో ఒక వాక్యానికి మించి లేదు.

మా అబ్బాయి కాలేజీకి వచ్చాడు. కిందటి నెల ఆ సినిమా చూడొచ్చా నాన్నా అని అడిగాడు. ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి కూర్చుని చూసే సినిమా కాదని చెప్పి, ముందు ‘స్క్రీమ్’, ‘స్క్రీమ్ 2’, ‘ఐ నో వాట్ యు డిడ్ లాస్ట్ సమ్మర్’, ఆ వరసలో చూసి తర్వాత దీనికి రమ్మన్నాను. చూడాలనుకునే మీకూ అదే చెప్తాను. లాప్‌టాప్‌లో ఒంటరిగా చూడకండి, నలుగురు స్నేహితుల్ని పోగేసుకోండి. రే జోకులు, డూఫీ జోకులు వచ్చినప్పుడు మీకు నచ్చకపోతే నచ్చలేదని పైకే అనండి. రెండో భాగం అక్కర్లేదు. ‘సపోర్ట్ ద గర్ల్స్’ మాత్రం తప్పకుండా చూడండి.